ఉరుములు, మెరుపుల ఛాయాగ్రహణం

ఉరుములు, మెరుపుల ఛాయాగ్రహణం అనగా ఉరుములతో కూడిన వానలను, వాటిని మోసుకొచ్చే మేఘాలను, ఆ మేఘాలలో పుట్టే మెరుపులను ఫోటోలుగా తీసే విద్య. వాన ఎటునుండి ఎటు కదులుతుందో ముందుగా అంచనా వేసుకొని, అనువైన చోటికి చేరి చిత్రాలు తీసే ఔత్సాహికులను అమెరికాలో 'స్టార్మ్ ఛేజర్లు' అంటారు. దీనిని 'తుఫాను వేట' అని అనువదిస్తే మనకు అంతగా నప్పదు. కోస్తా జిల్లాలలో తుఫాను అంటే బంగాళాఖాతంలో పుట్టి రోజుల తరబడి సాగే పెద్ద వాయుచక్రం. ఇక్కడ చెప్పేది ఒక సాయంత్రం పుట్టి, గంటా రెండు గంటలు ఉరిమి కురిసి వెళ్ళిపోయే వానను గురించి. అందుచేత ఈ వ్యాసంలో 'ఉరుములవాన' అనే మాటనే వాడడమైనది.

ఈ విద్యలో కెమెరాకంటె ముఖ్యమైనది దూరం. తగినంత దూరంలో నిలిచినవారికే మేఘం మొత్తం కనబడుతుంది, చిత్రం కుదురుతుంది, ప్రాణమూ దక్కుతుంది. ఏలూరు జిల్లాలోని ద్వారకా తిరుమల, దానికి దక్షిణాన ఉన్న కొల్లేరు సరస్సు ఈ సంగతిని వివరించడానికి చక్కని ఉదాహరణలు.

ప్రాంతం, రుతువులు

ద్వారకా తిరుమల మెట్ట ప్రాంతంలో చిన్న కొండమీద వెలసిన వేంకటేశ్వర క్షేత్రం. దీనికే 'చిన్న తిరుపతి' అని పేరు. కొండ దిగి దక్షిణంగా భీమడోలు వైపు వస్తుంటే ఆయిల్ పామ్, కొబ్బరి, జీడిమామిడి తోటలు క్రమంగా తగ్గుతాయి. జాతీయ రహదారి, రైలుమార్గం దాటిన తరువాత వరిచేలు, చేపల చెరువులు మొదలవుతాయి. ఆపైన కొల్లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఏర్పడిన ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు వచ్చి చేరుతాయి. నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. 1999లో దీనిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ చిత్తడినేలల జాబితాలో చేరింది. సరస్సు నడిభాగం ద్వారకా తిరుమలనుండి గాలిలో గీత గీసినట్లు కొలిస్తే సుమారు 30 కి.మీ. ఉంటుంది. ఈ అంకెను పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందు ముందు దీనితో పని ఉన్నది.

ఈ ప్రాంతంలో ఉరుములవానలు ముఖ్యంగా రెండు కాలాలలో వస్తాయి. మొదటిది ఏప్రిల్, మే నెలలు. అప్పుడు మెట్టనేల బాగా కాగిపోతుంది. తెలంగాణ వైపునుండి పొడిగా వేడిగా వీచే వాయవ్యపు గాలి, బంగాళాఖాతంనుండి తేమతో వచ్చే సముద్రపు గాలి ఎదురుపడిన చోట తేమగాలి పైకి లేస్తుంది. మధ్యాహ్నం రెండు గంటలకు దూదిపింజల్లా ఉన్న మేఘాలు నాలుగు గంటలకల్లా కోటగోడల్లా పెరుగుతాయి. భరణి, కృత్తిక కార్తెలలో వచ్చే ఈ గాలివానంటే నూజివీడు వైపు మామిడి రైతులకు గుండెదడ. కాయ రాలేది అప్పుడే. రెండవ కాలం నైరుతి రుతుపవనాలు వెనుదిరిగే సెప్టెంబరు చివరినుండి అక్టోబరు నెలాఖరు దాకా, అంటే హస్త, చిత్త, స్వాతి కార్తెల రోజులు. నడుమ జూలై, ఆగస్టులలో కూడా ఉరుములు ఉంటాయి గాని ఆకాశమంతా ముసురు కమ్మి ఉండడం వలన చిత్రాలకు అంత అనుకూలం కాదు.

ద్వారకా తిరుమలలో స్వామివారికి ఏటా రెండు కల్యాణోత్సవాలు జరుగుతాయి: ఒకటి వైశాఖ మాసంలో, మరొకటి ఆశ్వయుజ మాసంలో. రెండూ ఉరుముల కాలంలోనే వస్తాయి. చుట్టుప్రక్కల ఊళ్ళనుండి వేలాది మంది ఆరుబయట ఉండే రోజులు కూడా అవే కావడం గమనించదగినది.

మేఘంలో జరిగేది

ఉరుముల మేఘానికి శాస్త్రీయ నామం క్యుములోనింబస్. ఎండాకాలంలో దీని శిఖరం నేలనుండి 14, 15 కి.మీ. ఎత్తుకు చేరగలదు. అక్కడ ఇంక పైకి పోలేక ప్రక్కలకు పరచుకొని కమ్మరి దాగలి ఆకారం దాలుస్తుంది. మేఘం లోపల మంచుపలుకులు, మెత్తటి వడగళ్ళు ఒరుసుకొనడం వలన విద్యుదావేశాలు విడిపోతాయి. సాధారణంగా పైభాగం ధనావేశం, మధ్యభాగం ఋణావేశం పొందుతాయి. మెరుపులలో ఎక్కువభాగం మేఘంలోనే జరిగి ముగుస్తాయి. నేలను తాకే దానినే మనం పిడుగు అంటాము.

పిడుగు ఒక్కసారిగా పడదు. ముందుగా కంటికి దాదాపు కనబడని సన్నని మార్గం, ఒక్కొక్క అంగ సుమారు 50 మీటర్ల చొప్పున, మెట్లుమెట్లుగా క్రిందికి దిగుతుంది. నేల సమీపించగానే చెట్లు, స్తంభాలు, నిలబడిన మనిషి తల వంటి ఎత్తైన వాటినుండి చిన్న విద్యుత్ తంతువులు దానికి ఎదురు లేస్తాయి. రెండూ కలిసిన క్షణాన ప్రచండమైన ప్రవాహం సాగి, ఆ మార్గంలోని గాలి దాదాపు 30,000 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కుతుంది. మనం చూసే వెలుగు, వినే ఉరుము దీనివలననే. ఒకే మార్గంలో ఇలాంటి ప్రవాహాలు మూడు నాలుగు వెంటవెంటనే రావడంచేత మెరుపు మిణుకుమిణుకుమన్నట్లు కనబడుతుంది. అంతా కలిపి సాధారణంగా అరసెకనుకు మించదు.

చరిత్ర

చిత్రకారులు తరతరాలుగా మెరుపును రంపపు పళ్ళలాగ కోసుగా గీస్తూ వచ్చారు. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో థామస్ ఈస్టర్లీ 1847లోనే ఒక మెరుపును డాగెరోటైప్ పలకపై పట్టినట్లు చెబుతారు. 1882 సెప్టెంబరు 2న ఫిలడెల్ఫియాలో విలియం జెన్నింగ్స్ తీసిన చిత్రం ప్రసిద్ధమైనది. మెరుపు రంపంలాగ కాక నదీ పాయలవలె, చెట్టువేళ్ళవలె వంకరలు తిరుగుతుందని ఇలాంటి చిత్రాలు తేటతెల్లం చేశాయి. బ్రిటిష్ శాస్త్రవేత్త చార్లెస్ వెర్నన్ బాయ్స్ 1900 ప్రాంతంలో తిరుగుడు కటకాలు గల కెమెరాను రూపొందించాడు. దానితో దక్షిణాఫ్రికాలో బాసిల్ షాన్‌లాండ్ బృందం 1930లలో పైన చెప్పిన మెట్లుమెట్ల మార్గాన్ని కనుగొన్నది. పిడుగు గురించి మన పాఠ్యపుస్తకాలలో ఉన్న విషయం ఛాయాచిత్రాల పుణ్యమే అన్నది విద్యార్థులకు సాధారణంగా ఎవరూ చెప్పరు.

వానల వెంట వాహనాలలో తిరగడం 1950లలో అమెరికాలో రోజర్ జెన్సెన్, డేవిడ్ హోడ్లీ వంటివారితో ఆరంభమైనది. హోడ్లీ 1977లో 'స్టార్మ్ ట్రాక్' అనే పత్రికను మొదలుపెట్టాడు. టిమ్ సమరాస్ అనే పరిశోధకుడు పిడుగు నేలను తాకే క్షణాన్ని అతివేగపు కెమెరాతో పట్టడానికి ఏళ్ళ తరబడి కృషి చేశాడు. ఎంతో జాగ్రత్తపరుడని పేరున్న ఆయన 2013 మే 31న ఓక్లహోమాలోని ఎల్ రీనో వద్ద సుడిగాలిలో చిక్కి, కుమారుడు పాల్, సహచరుడు కార్ల్ యంగ్‌లతో సహా మరణించాడు.

మన రాష్ట్రంలో వాహనాలలో వెంటపడేవారికంటె ఇంటివద్దనుండే రాడార్ చిత్రాలు చూసి నలుగురికీ తెలియజేసే ఔత్సాహికులు ఎక్కువ. 'ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్' పేరుతో వాతావరణ సమాచారం ఇచ్చే సాయి ప్రణీత్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరును 2021 జూలైలో ప్రధానమంత్రి 'మన్ కీ బాత్' ప్రసంగంలో ప్రస్తావించారు.

ఎక్కడినుండి తీయాలి

కొల్లేరుమీద వాన కురుస్తున్న రాత్రి ద్వారకా తిరుమలలో దక్షిణం వైపు చూసేవారికి క్షితిజం వెంబడి మేఘం లాంతరులాగ లోపలినుండి వెలిగి ఆరుతూ ఉంటుంది. ఉరుము మాత్రం వినబడదు. ఉరుము సాధారణంగా 15 కి.మీ. దాటి వినబడడం అరుదు, 30 కి.మీ. దూరంనుండి వెలుగు వస్తుంది గాని శబ్దం రాదు. నిశ్శబ్దంగా మెరిసే ఈ మెరుపే ఛాయాగ్రాహకునికి కావలసినది.

దీనికి లెక్క సులువు. 14 కి.మీ. ఎత్తున్న మేఘం 30 కి.మీ. దూరంనుండి చూస్తే సుమారు 25 డిగ్రీల కోణంలో ఇమిడిపోతుంది. 35 మి.మీ. ఫిల్ము కెమెరాకు (నేటి 'ఫుల్ ఫ్రేమ్' డిజిటల్ కెమెరాకు కూడా) 50 మి.మీ. లెన్సు తగిలించి అడ్డంగా పట్టుకొంటే పైనుండి క్రిందికి 27 డిగ్రీలు కనబడుతుంది. అనగా మేఘం పాదంనుండి దాగలి దాకా, క్రింద ఊళ్ళ దీపాలతో సహా ఒకే చిత్రంలో పట్టుతుంది. అదే వాన భీమడోలు మీదికి వస్తే మేఘం సగానికి సగం చిత్రం బయటకు పోతుంది. తలమీదికి వస్తే కనబడేది నల్లని అడుగుభాగం మాత్రమే. దగ్గరకు పోయినకొద్దీ చిత్రం బాగుంటుందన్న భ్రమ ఈ లెక్కతో తీరిపోతుంది. ఒక్క పిడుగునే పెద్దదిగా చూపదలిస్తే దూరంనుండే 85 నుండి 200 మి.మీ. లెన్సు వాడవచ్చు.

ఇందులో ఒక మెలిక ఉన్నది. వేసవి వానలు తరచుగా వాయవ్యంనుండి, అంటే చింతలపూడి వైపునుండి వస్తాయి. కొల్లేరు వైపు కెమెరా పెట్టి దక్షిణానికి తిరిగి నిలబడినవానికి రెండవ వాన వీపు వెనుకనుండి వస్తుంది. పచ్చటి తోటలు, కొండ అడ్డం ఉండడంచేత అది దగ్గరకు వచ్చేదాకా తెలియదు. ఒంటరిగా వెళ్ళవద్దని చెప్పడానికి ఇదొక్కటే చాలు. వెంట వచ్చినవారి పని వెనక్కి చూడడం.

వాన కదలికను తెలుసుకొనడానికి భారత వాతావరణ శాఖ మచిలీపట్నంలో నెలకొల్పిన డాప్లర్ రాడార్ చిత్రాలు ఆ శాఖ వెబ్‌సైటులో అందరికీ లభిస్తాయి. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ రూపొందించిన 'దామిని' యాప్ మనమున్న చోటుకు 20, 40 కి.మీ. పరిధులలో పడుతున్న పిడుగులను చూపుతుంది. యాప్‌లోని వృత్తంలో చుక్క కనబడిందంటే ఫోటోకు కాదు, సామాను సర్దుకొనడానికి సమయమైనదని అర్థం.

తీసే విధానం

మెరుపును చూసి మీట నొక్కితే చేతికి చిక్కదు. కన్ను చూసి, వేలు కదిలేసరికి అది ముగిసిపోతుంది. కనుక రాత్రివేళ చేసేది ఒకటే: కెమెరాను ట్రైపాడ్‌మీద నిలిపి, షట్టరును 10 నుండి 30 సెకన్లు తెరచి ఉంచి, ఆ వ్యవధిలో మెరుపు రావడానికి ఎదురుచూడడం. మెరుపు వస్తే చిత్రం తనను తానే రాసుకొంటుంది. రాకపోతే మూసి, మళ్ళీ తెరవాలి. ఫిల్ము రోజులలో ఇలా 36 చిత్రాలూ వృథా కావడం మామూలే. డిజిటల్ కెమెరా వచ్చాక ఖర్చు పోయింది, ఓపిక మాత్రం ఇంకా కావాలి.

కొత్తవారు తికమకపడే విషయం వెలుగు లెక్క. ఊరి దీపాలు, ఆకాశపు మసక వెలుగు షట్టరు తెరచి ఉన్నంతసేపూ పోగవుతూ ఉంటాయి. మెరుపు ఒక్క క్షణంలో వచ్చిపోతుంది కాబట్టి షట్టరు 5 సెకన్లు తెరచి ఉన్నా, 30 సెకన్లు తెరచి ఉన్నా దాని వెలుగు మారదు. కనుక మెరుపు ప్రకాశాన్ని ఎపర్చరుతో, ఐఎస్ఓ విలువతో సరిచేయాలి. పరిసరాల వెలుగును షట్టరు సమయంతో సరిచేయాలి. ఐఎస్ఓ 100 లేక 200 దగ్గర ఉంచి, 20 కి.మీ. పైబడిన మెరుపులకు ఎఫ్/4 లేక ఎఫ్/5.6, అంతకంటె దగ్గరివాటికి ఎఫ్/8 నుండి ఎఫ్/11 తో మొదలుపెట్టి, వచ్చిన చిత్రాన్నిబట్టి మార్చుకోవచ్చును. మెరుపు తెల్లని చారలాగ వాచిపోయి కొమ్మలు మాయమైతే ఎపర్చరు ఇంకా చిన్నది చేయాలి.

చీకటిలో ఆటోఫోకస్ పనిచేయదు. దూరంగా ఉన్న సెల్‌టవరు ఎర్రదీపంమీద ఫోకస్ కుదిర్చి, దానిని మాన్యువల్‌కు మార్చి వదిలివేయాలి. లెన్సులోని వణుకు నివారణ మీటను ట్రైపాడ్‌మీద ఆపివేయడం మంచిది. మీటను వేలితో నొక్కక కేబుల్ లేక టైమరు వాడాలి. కొల్లేరు ప్రాంతంలో అసలు శత్రువు తేమ. ఏసీ గదిలోనుండి తెచ్చిన కెమెరాను బయట తెరవగానే లెన్సుమీద ఆవిరి పడుతుంది. అరగంట ముందే సంచీలో ఉంచి బయటి వేడికి అలవాటు చేయాలి. చెరువుల ప్రక్కన దీపం వెలిగిస్తే పురుగులు ముసురుకొంటాయి.

పగటి మెరుపులు కష్టం. వెలుగును తగ్గించే ఫిల్టరు వేసి, ఎఫ్/16 వరకు మూసి, అరసెకను చొప్పున తీస్తూ పోవాలి. మెరుపు వెలుగును గుర్తించి షట్టరును తానే నొక్కే ట్రిగ్గర్లు కూడా దొరుకుతాయి. అవి మొదటి ప్రవాహాన్ని పోగొట్టుకొన్నా వెనువెంటనే వచ్చేవాటిని పట్టుకోగలవు. మొబైల్ ఫోను ఉన్నవారు వీడియో తీసి అందులోనుండి ఒక చిత్రాన్ని వేరుచేయడమే సులభం. అలా తీసినపుడు సగం తెర తెల్లగా, సగం నల్లగా రావచ్చు. అది ఫోను పాడైనందున కాదు. ఫోనులోని సెన్సరు చిత్రాన్ని వరుస తరువాత వరుసగా చదువుతుంది. చదువుతున్న నడుమ మెరుపు రావడమే కారణం.

ప్రమాదం

జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది మరణించారు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటలలో 36,749 పిడుగులు నమోదైనట్లు రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ ప్రకటించింది. మరణించేవారిలో పొలంలో, గట్టుమీద, చెట్టుక్రింద ఉన్న రైతులు, కూలీలు, పశుల కాపరులే అధికం. వారికి వేరే దారి లేదు. ఫోటోకోసం వెళ్ళేవారు కావాలనే అక్కడికి వెళుతున్నారు. 2021 జూలై 11న జైపూర్‌లో ఆమేర్ కోట ఎదుటి కొండపై ఉన్న కావలి బురుజు ఎక్కి, వానలో సెల్ఫీలు తీసుకొంటున్నవారిమీద పిడుగు పడి 11 మంది చనిపోయారు. ఫోను పిడుగును ఆకర్షించినదని అప్పుడు ప్రచారం జరిగింది గాని అది నిజం కాదు. ఫోనుకు ఆ శక్తి లేదు. కొండ, దానిపై బురుజు, దానిపై నిలబడిన మనుషులు: ఎత్తే అందుకు కారణం.

ఈ ప్రాంతంలో చిత్రానికి అందాన్నిచ్చే ప్రతి వస్తువూ ప్రమాదస్థానమే. చేలగట్టుమీద ఒంటరి తాడిచెట్టు, చెరువు నడుమ కాపలా పాక, కొల్లేటి నీటిమీద తాటిదోనె, కొండ అంచు, మేడమీద నీళ్ళట్యాంకు ప్రక్క. వీటిని చిత్రంలో ఉంచుకోవచ్చు. వీటి దగ్గర నిలబడరాదు. తాడిచెట్టుమీద పడిన పిడుగు ప్రక్కనున్న మనిషిమీదికి దూకుతుంది. నేలలో ప్రాకే విద్యుత్తు రెండు కాళ్ళ మధ్య తేడా వలన శరీరం గుండా పోతుంది. పశువులు మందలుగా చనిపోవడానికి ఇదే కారణం. గోడలులేని పాక వాననుండి కాపాడుతుందేమో గాని పిడుగునుండి కాపాడదు. ట్రైపాడ్ అల్యూమినియమైనా కార్బన్ ఫైబరైనా విద్యుద్వాహకమే. రబ్బరు చెప్పులు రక్షణ కావు. పైకప్పు, తలుపులు లోహంతో ఉన్న కారు రక్షణ ఇచ్చేది దాని టైర్ల వలన కాదు, చుట్టూ ఉన్న లోహపు పెట్టె వలన. కనుక అద్దాలు ఎత్తి, లోహభాగాలను తాకకుండా కూర్చోవాలి. మోటారు సైకిలుకు ఇది వర్తించదు.

మెరుపు కనబడినప్పటినుండి ఉరుము వినబడేదాకా సెకన్లు లెక్కించి మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. 30 సెకన్లకు లోపల వినబడితే, అనగా 10 కి.మీ. లోపు అయితే, వెంటనే పక్కా భవనంలోకి గాని కారులోకి గాని పోవాలి. చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు ఆగాలి. ఈ నియమానికీ ఒక లోపం ఉన్నది: దాగలి భాగంనుండి పడే ధనావేశపు పిడుగులు వాన కురిసే చోటికి 15 కి.మీ. పైగా దూరంలో, నెత్తిన నీలాకాశం ఉండగా పడగలవు. 'ఇక్కడ చినుకు లేదు కదా' అనడానికి వీలులేదు. ఉరుము వినబడుతున్నదంటేనే మనం దాని పరిధిలో ఉన్నట్లు. ఇంట్లోనుండి తీసేవారు కిటికీ ఇనుప ఊచలకు, తలుపు గ్రిల్లుకు దూరంగా నిలబడాలి. ఛార్జింగులో ఉన్న ఫోనును, కంప్యూటరుకు తీగతో కలిపిన కెమెరాను ముట్టరాదు.

ఉరుము ఉరిమినపుడు అర్జునుని పేర్లు జపించడం మన పెద్దల ఆచారం. ధైర్యానికి అది మంచిదే. జపించేది ఇంట్లో కూర్చొని అయితే ఇంకా మంచిది.

పిడుగుపాటుకు గురైనవారి ఒంట్లో విద్యుత్తు నిలిచి ఉండదు. వారిని నిర్భయంగా ముట్టుకోవచ్చు. గుండె, శ్వాస ఆగి ఉంటే వెంటనే ఛాతీని నొక్కే ప్రథమ చికిత్స ప్రారంభించి 108కి ఫోను చేయాలి. ఒళ్ళంతా పేడ పూయడం, మట్టిలో పాతిపెట్టడం వంటి పనులతో గడిపే నిమిషాలే ప్రాణం తీస్తాయి.

చిత్రాన్ని చదవడం

మంచి మెరుపు చిత్రం కొలతకు కూడా పనికివస్తుంది. ఉదాహరణకు ఉరుము 36 సెకన్లకు వినబడితే పిడుగు 12 కి.మీ. దూరాన పడినట్లు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 50 మి.మీ. లెన్సుతో తీసిన ఆ చిత్రంలో పిడుగు నిలువు పొడవు 24 మి.మీ. సెన్సరుపై 5 మి.మీ. (అనగా చిత్రం ఎత్తులో సుమారు ఐదవ వంతు) ఉన్నదనుకొందాం. 12ను 5తో హెచ్చించి 50తో భాగిస్తే 1.2 కి.మీ. వస్తుంది. అది మేఘం అడుగుభాగం నేలనుండి ఉన్న ఎత్తు. పదవ తరగతి సరూప త్రిభుజాల పాఠం ఇంతే. మెరుపు వంకరగా ఉంటుంది కనుక ఇది ఉజ్జాయింపు మాత్రమే.

కొమ్మల దిక్కును కూడా గమనించాలి. కొమ్మలు క్రిందికి విచ్చుకొంటే మార్గం మేఘంనుండి నేలకు దిగినది. పైకి విచ్చుకొంటే ఎత్తైన టవరునుండి మేఘంలోకి ఎగబ్రాకినది, ఇలాంటివి అరుదు.

అరగంటలో తీసిన ఇరవై చిత్రాలను కంప్యూటరులో ఒకదానిపై ఒకటి పేర్చి, ఒకే క్షణాన ఇరవై పిడుగులు పడినట్లు చూపడం ఇప్పుడు తేలిక. కళగా అందులో తప్పులేదు గాని అలా చేసినట్లు క్రింద రాయాలి. గాలివాన వచ్చిన ప్రతిసారీ ఎక్కడిదో పాత చిత్రానికి మన ఊరి పేరు తగిలించి ఫోన్లలో పంపుకోవడం రివాజైపోయింది. తీసిన ప్రతి చిత్రానికీ తేదీ, గంట, నిలబడిన ఊరు, కెమెరా చూస్తున్న దిక్కు, లెన్సు, ఎపర్చరు, ఉరుము వినబడడానికి పట్టిన సెకన్లు నోటుపుస్తకంలో రాసి ఉంచుకొంటే, ఆనాటి మచిలీపట్నం రాడార్ చిత్రంతో సరిపోల్చి అది నిజమో కాదో ఎవరైనా తేల్చుకోవచ్చును.